మాంసం సూపులో ముక్క పారేయకండి

ఆపరేషన్ అయినవారికి మన యానాంలో ఇంటివారు తెచ్చే క్యారేజీలో తరచు తేట రసమే ఉంటుంది. బలమంతా అందులోకి దిగిందనుకుంటారు. కానీ మాంసకృత్తులు ఎక్కువగా ముక్కలోనే ఉండిపోతాయి. అందుకే ముక్కనే మెత్తగా ఉడికించమంటున్నాము.

పెద్దమాంసమైనా వేటమాంసమైనా అరకిలో చాలు. నరాలున్న చౌక ముక్కే సన్నసెగ మీద బాగా కరుగుతుంది. రాత్రంతా నానిన 100 గ్రాముల జొన్నలు, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి, మిరియాలు వేసి, 2 లీటర్ల నీళ్ళు పోసి, మూతపెట్టి 3 గంటలు ఉడికించండి. ఉప్పు చివర్లో, కొంచెమే.

దించాక నిమ్మకాయ పిండండి. జొన్నల్లోని ఇనుము ఒంటికి పడుతుంది. వెంటనే టీ ఇస్తే ఆ మేలు తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టరుగారిని అడిగాకే తాగాలి. నమలలేని పెద్దవారికి ముక్కను చిదిపి, జొన్నలతో కలిపి పెట్టండి.