ప్లస్ ప్లస్ లేని భోజనం

సింగపూర్‌లో ఏ దేశపు వంటైనా దొరుకుతుంది. ఎవరి కోసం వండారన్న దగ్గరే తేడా.

సింగపూర్ రెస్టారెంట్ల మెనూ కార్డుల్లో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని పట్టించుకోరు, బిల్లొచ్చాక పట్టించుకుంటారు. మొదటిది పది శాతం సర్వీస్ చార్జీ, రెండోది ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. వంద డాలర్ల భోజనం నూట ఇరవైకి పది సెంట్లు తక్కువగా తేలుతుంది. టిప్పు ఇచ్చే అలవాటు ఈ ఊళ్లో లేదు కాబట్టి అక్కడితో సరి. చాన్నాళ్లు ఇక్కడ ఉన్నాక నాకు ఆ గుర్తుల్లో ఇంకో సంగతి కూడా కనిపిస్తోంది. అవి ఉన్నచోట ఒక దేశపు వంటని ఆ దేశం కానివాళ్ల కోసం వండుతున్నారు. లేనిచోట, చాలావరకు, తమవాళ్ల కోసం వండుకుంటున్నారు.

క్లార్క్ కీ దగ్గర నది ఒడ్డున నడిస్తే నాలుగు అడుగులకో దేశం. మెక్సికో, ఇటలీ, స్పెయిన్, జపాన్ అన్నీ వరసగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. వంట బాగోదని అనను. కానీ అక్కడ కారం ఎంత కావాలో అడిగి మరీ వేస్తారు. అడిగి వేసిన కారంలో వండినవాడి చెయ్యి ఎక్కడుంటుంది? ఇక హాకర్ సెంటర్ల గురించి అందరూ రాశారు. 2016లో రెండు హాకర్ దుకాణాలకి మిషెలిన్ స్టార్ వచ్చింది, 2020లో ఆ సంస్కృతి మొత్తం యునెస్కో జాబితాకెక్కింది. అవి ఊరివాళ్ల భోజనశాలలు, వాటికి నా సిఫార్సు అక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నవి పాత షాపింగ్ కాంప్లెక్సులు, అందులోనూ ఆదివారం పూట.

ఇళ్లలో పనిచేసే విదేశీ మహిళలకు వారానికో సెలవు ఉండాలన్న నిబంధన ఇక్కడ 2013 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆ సెలవు చాలామందికి ఆదివారమే. ఆ రోజు ఆర్చర్డ్ రోడ్డులోని లక్కీ ప్లాజాకి వెళితే మనీలాలో దిగినట్టే. ఇంటికి డబ్బు పంపే కౌంటర్ల ముందు క్యూ, పార్సిల్ డబ్బాలు సర్దే హడావుడి, పై అంతస్తులో ఫిలిప్పీన్స్ వంటలు. అక్కడి సినిగాంగ్ పులుసు రుచి చూసిన తెలుగువాడు ఉలిక్కిపడాలి. పచ్చి చింతకాయ పులుపు, బెండకాయ, ముల్లంగి, పైన తూటికూర. పోపు ఒక్కటే తక్కువ. పాయా లేబార్‌లోని సిటీ ప్లాజా ఇండోనేసియా వాళ్లది. అక్కడి అయామ్ పెన్యెత్ అంటే వేయించిన కోడిని రోకలితో ఒక్క దెబ్బ కొట్టి, నూరిన మిరపకారంతో పెట్టడం. ఆ కారం ముందు గుంటూరు కూడా కాస్త సర్దుకు కూర్చోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం సిటీ హాల్ దగ్గరి పెనిన్సులా ప్లాజా. అది బర్మావాళ్ల అడ్డా. సిమ్ కార్డులు, లుంగీలు, బుగ్గలకి పూసుకునే థనకా చెక్క, వాటి మధ్య ఇరుకు హోటళ్లు. చాలా బోర్డులు బర్మా లిపిలోనే. నన్ను మొదట తీసుకెళ్లింది మా ఆఫీసులో పనిచేసే యాంగోన్ అమ్మాయి. లఫెట్ థోక్ చెప్పింది. కౌంటర్ వెనకావిడ ఒక గిన్నెలో ఊరబెట్టిన తేయాకు ముద్ద వేసింది. దాని మీద తరిగిన క్యాబేజీ, టమోటా, వేయించిన వేరుశెనగలు, చిక్కుడు గింజలు, నువ్వులు, వెల్లుల్లి, ఎండు రొయ్యల పొడి వేసి, నిమ్మకాయ పిండి, చేత్తోనే కలిపేసింది. పక్కన రెండు పచ్చి మిరపకాయలు, నాలుగు పచ్చి వెల్లుల్లి రెబ్బలు. తేయాకు చేదు, నిమ్మ పులుపు, నూనె జిడ్డు కలిసి నాలుక మీద ఒకేసారి దిగుతాయి. "మీకు కొంచెం తగ్గించమని చెప్పనా?" అందా అమ్మాయి. వద్దన్నాను. "వద్దనే అంటారని తెలుసు. మీ ఊరివాళ్లు మా ఊళ్లో చాలామంది ఉండేవాళ్లట" అంది.

ఉండేవాళ్లు. బ్రిటిష్ కాలంలో కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి లక్షల మంది రంగూన్ (ఇప్పటి యాంగోన్) వెళ్లారు. రేవులో బస్తాలు మోసినవాళ్లలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. 1930 మే నెలలో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లు తెలుగు రేవు కూలీల సమ్మెతోనే మొదలయ్యాయి. జపాన్ బాంబులు పడ్డాక ఎందరో అడవులు దాటి నడుచుకుంటూ తిరిగొచ్చారు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల పేరుతో విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. పెనిన్సులా ప్లాజాలో మొహింగా గిన్నె ముందు పెట్టుకుంటే నాకు ఆ ఓడల రాకపోకలు అర్థమవుతాయి. చేపల పులుసులో నిమ్మగడ్డి, చిక్కదనానికి శనగపిండి, పలచగా తరిగిన అరటి దవ్వ, అందులో బియ్యపు సేమ్యా, పైన కరకరలాడే పప్పు వడ. అరటి దవ్వ పెసరపప్పు తిని పెరిగినవాళ్లకి ఇది విదేశీ భోజనమని చెప్పినా నమ్మరు.

బార్లు వేరే లోకం. ఈ ఊళ్లో స్పిరిట్ల మీద సుంకం లీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి 88 డాలర్లు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న 700 మిల్లీలీటర్ల విస్కీ సీసా మీద సుంకమే పాతిక డాలర్లకి దగ్గర పడుతుంది. దాని మీద అద్దె, ఐసు ముక్క, బార్‌టెండర్ మీసం. ర్యాఫిల్స్ హోటల్ లాంగ్ బార్‌లో సింగపూర్ స్లింగ్ తాగడం ప్రతి టూరిస్టూ తీర్చుకునే మొక్కు. 1915 ప్రాంతంలో ఙియామ్ టోంగ్ బూన్ అనే బార్‌టెండర్ కలిపాడంటారు. గులాబీరంగు, తీపి. వేరుశెనగ తొక్కలు నేల మీద పారేయడానికి అక్కడ అనుమతి ఉంది. నాకైతే ఆ పల్లీలే బాగున్నాయి. పార్క్‌వ్యూ స్క్వేర్‌లోని అట్లాస్ మాత్రం డబ్బుకి తగినది. వెయ్యికి పైగా జిన్ సీసాలతో కప్పుదాకా లేచిన గోపురం చూడటానికే వెళ్లొచ్చు. ఒక గ్లాసు పుచ్చుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు.

బార్ బిల్లు కట్టలేనివాళ్లు ఒకప్పుడు లిటిల్ ఇండియా పచ్చిక మీద కూర్చుని బీరు తాగేవాళ్లు. 2013 డిసెంబరులో అక్కడ ఒక వలస కార్మికుడు బస్సు కింద పడి చనిపోవడం, ఆ రాత్రి అల్లర్లు జరగడం, 2015లో మద్యం నియంత్రణ చట్టం రావడం వరసగా జరిగాయి. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగంగా తాగకూడదన్నది ఊరంతటికీ. లిటిల్ ఇండియా, గేలాంగ్‌లలో అయితే శనివారం పొద్దున్నుంచి సోమవారం పొద్దుటిదాకా అసలే కూడదు. గదిలో పన్నెండు మందితో పడుకునేవాడికి 'బహిరంగం' కాని చోటు ఎక్కడుంటుందో చట్టం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. ఏసీ బార్‌లో కూర్చున్న నాకు ఏ ఇబ్బందీ లేదు.

అదే లిటిల్ ఇండియాలో నా లెక్క తప్పించే వంటకం కూడా ఉంది. చేప తలకాయ కూర. కేరళ నుంచి వచ్చిన ఎం.జె. గోమెజ్ 1949 ప్రాంతంలో దీన్ని తయారుచేశాడంటారు, అదీ చేప తలంటే ప్రాణం పెట్టే చైనీయుల కోసం. పరాయివాళ్ల కోసం వండినా కల్తీ కాలేదు. చింతపండు పులుసు, వంకాయ, బెండకాయ అలాగే ఉన్నాయి.

తెలుగు మెస్సు ఒకటి రేస్ కోర్స్ రోడ్డు దాపుల్లో ఉంది. ఆదివారం మధ్యాహ్నం షిప్‌యార్డుల్లో వెల్డింగ్ చేసే శ్రీకాకుళం కుర్రాళ్లతో నిండిపోతుంది. నాకు చోటిచ్చిన అబ్బాయిని అడిగాను.

"ఇక్కడ బిర్యానీ బాగుంటుందా తమ్ముడూ?"

"బిర్యానీ మీలాంటోళ్లకి సార్. మేం మీల్సే తింటాం. పప్పు ఎన్నిసార్లడిగినా వేస్తారు."

మీల్సే చెప్పాను. పప్పు మా అమ్మ చేసినదానికంటే పలచనే. గోంగూర పచ్చడిలో మాత్రం ఎవరినీ అడక్కుండా వేసిన కారం ఉంది.

ఇలాంటి వంటిళ్లలో చాలావాటిని నిలబెట్టింది ఆ పాత కాంప్లెక్సులే. 1970, 80ల్లో కట్టిన వాటిలో ఒక్కో గదికి ఒక్కో యజమాని. కొత్త మాల్స్‌లా ఒకే పెద్ద కంపెనీ చేతిలో ఉండవు కాబట్టి చిన్నవాళ్లకి అందే అద్దెలో నాలుగు బల్లలు వేసుకోవచ్చు. కానీ యజమానుల్లో అత్యధికులు ఒప్పుకుంటే భవనం మొత్తం అమ్ముడుపోతుంది. థాయ్ వాళ్ల గోల్డెన్ మైల్ కాంప్లెక్స్‌ అలాగే 2022లో 70 కోట్ల సింగపూర్ డాలర్లకి అమ్ముడైంది. 1973 నాటి కట్టడమని భవనాన్ని వారసత్వ సంపదగా కాపాడారు. లోపల పచ్చి బొప్పాయితో సోంతం దంచినవాళ్లు 2023లో ఖాళీ చేశారు. కొందరు పక్కనే ఉన్న గోల్డెన్ మైల్ టవర్‌లోకి మారారు. మిగతావాళ్లు ఎక్కడెక్కడ తేలారో మా ఆఫీసు థాయ్ సహోద్యోగి దగ్గర జాబితా ఉంది. అడిగితే ఇచ్చాడు, ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాకే. అందరూ వచ్చారంటే కారం తగ్గిస్తారని అతని భయం.