తెరపై గీత పెరిగినప్పుడు

విద్యుత్ సంకేతాల రూపాన్ని కంటికి చూపే సాధనం ఆసిలోస్కోపు. 1897లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన కాథోడ్ కిరణ నాళిక దీనికి మూలం. మన దేశంలో ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో స్వావలంబనకు పునాది వేసిన సంస్థలలో, 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. ముఖ్యమైనది. దానికి సారథ్యం వహించిన డా. అయ్యగారి సాంబశివరావు గారు తెలుగువారు కావడం మనకు గర్వకారణం. నేడు డిజిటల్ ఆసిలోస్కోపులు వచ్చినప్పటికీ, పాత అనలాగ్ యంత్రాలు కొన్ని ప్రయోగశాలలలో ఇంకను సేవలందిస్తున్నవి. వాటి నాళికలు కొత్తవి దొరకడం దుర్లభం. కనుక లోపాన్ని సరిగా గుర్తించడమే సగం చికిత్స.

అధిక వోల్టేజీ పాత్ర

నాళికలోని ఎలక్ట్రాన్లు తెరను వేగంగా తాకితేనే వెలుగు పుడుతుంది. ఇందుకై అనేక యంత్రాలలో కాథోడు వద్ద సుమారు 2,000 వోల్టుల రుణ వోల్టేజీ, తెర వైపు దాదాపు 10,000 వోల్టుల ధన వోల్టేజీ ఉంటాయి. కాథోడు వోల్టేజీ తగ్గితే ఎలక్ట్రాన్ల వేగం తగ్గును. నిదానంగా సాగే కిరణం సులువుగా వంగును. అందువలన తెరపై బొమ్మ మసకబారడమే గాక, నిలువునా అడ్డంగా ఒకే నిష్పత్తిలో పెద్దదగును. నిలువుగా మాత్రమే పెరిగినచో దోషం నిలువు ఆంప్లిఫయరులో వెదకవలెను. రెండు దిశలా పెరిగినచో అధిక వోల్టేజీ విభాగాన్నే మొదట అనుమానించవలెను.

ఒక అనుభవం

తాపీ నది సముద్రంలో కలిసే చోటికి చేరువలోనున్న సూరత్‌లో వర్షాకాలపు తేమ అధికం. అట్టి ఒక శ్రావణంలో మా ప్రయోగశాలలోని పాత ఆసిలోస్కోపు ఇరవై నిమిషాలు చక్కగా పనిచేసి, ఆపై మసకబారసాగింది. నాళిక వయసు తీరినదని, యంత్రాన్ని తుక్కు కింద తీసివేయవచ్చునని పలువురు భావించారు. ఒక సీనియర్ టెక్నీషియను మాత్రం బొమ్మ కొలతను గమనించారు. ఆరు గడులుండవలసిన సంకేతం ఏడు గడులైనది. అడ్డంగానూ అంతే. అనగా వోల్టేజీ ఏడింట ఒక వంతు తగ్గినదన్నమాట.

నిర్ధారణకై ఒక యువ ఇంజనీరు సాధారణ మల్టీమీటరు తీగలను లోపలికి చాచగా, ఆ టెక్నీషియను గారు "ఆగండి బాబూ! ఆ మీటరు వేయి వోల్టులకే. ఇక్కడ రెండు వేలున్నవి" అని వారించారు. ఆ ఒక్క మాట ఆ రోజున ఒక ప్రాణాన్నే కాపాడినదనవచ్చు.

తరువాత తగిన అధిక వోల్టేజీ ప్రోబుతో చూడగా, మొదట 1,900 వోల్టులున్న కాథోడు వోల్టేజీ వేడెక్కిన పిదప 1,630కి దిగజారినది. తక్కువ వోల్టేజీ సరఫరాలన్నీ సవ్యంగా ఉన్నవి. సరఫరా ఆపి, నిల్వ విద్యుత్తును విడుదల చేసి, వోల్టేజీని పెంచే గుణక విభాగాన్ని వేరుచేసి మరల పరీక్షించినా ఫలితం మారలేదు. ఆసిలేటరు ట్రాన్సిస్టరు మాత్రం మితిమీరి వేడెక్కుచున్నది. దోషం అధిక వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మరుదే. దాని పూతలోని నిరోధక పదార్థం ఏళ్ల తరబడి తేమ పీల్చి, వేడి ఎక్కగానే విద్యుత్తును కోల్పోవుచున్నది. ఆ నష్టాన్ని పూడ్చుటకు నియంత్రణ వలయం శాయశక్తులా శ్రమించి, చివరకు చేతులెత్తివేయుచున్నది. పనికిరాక మూలనున్న అదే నమూనా యంత్రం నుండి ట్రాన్స్‌ఫార్మరు తీసి అమర్చగా బొమ్మ యథాస్థితికి వచ్చినది. నాళిక నిర్దోషి!

మరువరాని జాగ్రత్తలు

ఇట్టి మరమ్మతు ఒంటరిగా చేయరాదు. ఉంగరాలు, గడియారం తీసివేయవలెను. కొలిచేటప్పుడు ఒక చేయి జేబులో ఉంచుకొనుట పెద్దలు నేర్పిన మంచి అలవాటు. ప్లగ్గు తీసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. కెపాసిటర్లలోని విద్యుత్తును తగిన రెసిస్టరు ద్వారా విడుదల చేసి, కొలిచి నిర్ధారించుకొనవలెను. నాళికకు దెబ్బ తగిలితే గాజు పగిలి ముక్కలు ఎగసిపడగలవు.

ఇండ్లలో మిగిలిన పాత టీవీలకూ ఇదే నియమం. పిల్లలను వాటి వెనుక మూత తీయనీయరాదు. 2006 ఆగస్టు తాపీ వరదను చూచిన సూరత్ కుటుంబాలకు మరొక్క మాట: నీట తడిసిన ఏ పరికరాన్నీ పూర్తిగా ఆరబెట్టి, తెలిసినవారిచే పరీక్షింపజేయక స్విచ్చి వేయరాదు.

విడిభాగం ఖరీదు ఎంతైనా లెక్క కట్టవచ్చును. మనిషికి వెలకట్టలేము. కంటితో చూచి, ఆలోచించి, ఆ తరువాతనే చేయి చాచుదాం.