ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో చెప్పే యూఎస్‌బీ కేబుల్... ఇంట్లోనే చేసుకోవచ్చు

మా చిన్న మామూ బోధన్, నిజామాబాద్ మధ్య కిరాయికి కారు నడుపుతారు. మొన్న చలికాలంలో ఒకరోజు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. ఒక షెడ్డుకు తీసుకెళ్తే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. 3,600 రూపాయలు పెట్టి కొత్తది వేయించారు. రెండో రోజు ఎడపల్లి దాటేసరికి లైటు మళ్లీ వెలిగింది. ‘పైసలు పోయినయ్, లైటు మాత్రం పోలేదు బేటా’ అన్నారు ఫోన్‌లో.

ఆ సాయంత్రం నేను ఇంట్లో చేసుకున్న కేబుల్ తగిలించి చూస్తే వచ్చిన కోడ్ పీ0171. అంటే ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఆ మాట చెప్పింది సెన్సరే, నిజమే చెప్పింది కూడా. లెక్కకు రాని గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాల్సింది పోయి, చాడీ చెప్పినవాడినే మార్చేశారు. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు పైపు కింది వైపు చీలి ఉంది. పైనుంచి చూస్తే కనబడదు. పైపు మార్చాక లైటు మళ్లీ రాలేదు.

అందుకే ముందే చెబుతున్నా, ఈ కేబుల్ మెకానిక్ కాదు. ఏ వైపు వెతకాలో చూపిస్తుంది, అంతవరకే.

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 రంధ్రాల సాకెట్ ఒకటి ఉంటుంది. గల్ఫ్ గ్యారేజీల్లో పని చేసి వచ్చినవాళ్లకు ఇది పాత పరిచయమే. అమెరికాలో 1996 నుంచే కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. మన దేశంలో బీఎస్-4 బండ్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. 2010లో బీఎస్-4 అమలైంది హైదరాబాద్ సహా 13 నగరాల్లోనే. దేశమంతా వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఆ మధ్య ఏళ్లలో జిల్లాలో కొన్న బండి బీఎస్-3 కావచ్చు. సాకెట్ ఉన్నా అందరికీ ఒకేలా జవాబు ఇవ్వాలన్న నిబంధన దానికి ఉండదు, కంపెనీ సొంత భాష మాట్లాడుతుంది. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజిన్లలోనైతే చదవడానికి కంప్యూటరే లేదు.

మన బండి ఏ రకమో తెలుసుకోవడానికి టార్చ్ లైటు చాలు. సాకెట్ వెడల్పు వైపు పైకి ఉన్నట్టు చూస్తే పై వరుసలో ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరుసలో 9 నుంచి 16. పిన్ 16 బ్యాటరీ ప్లస్, 4, 5 ఎర్త్. 7వ రంధ్రంలో లోహం కనిపిస్తే సాధారణంగా అది కె-లైన్ బండి. 6, 14లో కనిపిస్తే క్యాన్. కొన్నింటిలో రెండూ ఉంటాయి. కారు ఆపి, తాళం తీసేసి, 6కు 14కు మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర వస్తే క్యాన్ ఉన్నట్టే. లోపల రెండు చివర్లా 120 ఓమ్‌లవి రెండు రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి ఆ లెక్క.

ఇంట్లో సులువుగా చేసుకోగలిగేది కె-లైన్ కేబుల్. ఒకే తీగ మీద మాట్లాడటం, వినడం రెండూ జరుగుతాయి. తీగ మీద ఉండేది 12 వోల్టులు, యూఎస్‌బీ బోర్డుకు తెలిసింది 5 వోల్టులే. రెండింటినీ నేరుగా కలిపితే బోర్డు కాలుతుంది, ల్యాప్‌టాప్ కూడా పోవచ్చు. మధ్యలో దుబాసీ పని చేసే చిప్ ఎల్9637డీ. ఎనిమిది పిన్‌ల చిన్నది. దీనితోపాటు ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ ఉన్న యూఎస్‌బీ బోర్డు, 510 ఓమ్ రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్, చిన్న ఫ్యూజు, ఓబీడీ మగ ప్లగ్గు కావాలి. నిజామాబాద్‌లో దొరకనివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. మొత్తం ఖర్చు కొన్ని వందల్లోనే.

యూఎస్‌బీ బోర్డులో నకిలీ చిప్‌లు చాలా తిరుగుతున్నాయి. 2014లో అసలు కంపెనీ విడుదల చేసిన డ్రైవర్ నకిలీ వాటిని పనిచేయకుండా చేసి పెద్ద గొడవే అయింది. మరీ చవకగా వస్తే అనుమానించండి. బోర్డు మీద 3.3, 5 వోల్టుల జంపర్ ఉంటే 5 దగ్గర పెట్టండి.

కనెక్షన్లు ఇవి. కారు పిన్ 16 నుంచి వచ్చే 12 వోల్టులు ఫ్యూజు, డయోడ్ దాటి చిప్ పిన్ 7కు. ఎర్త్ పిన్ 5కు, యూఎస్‌బీ బోర్డు ఎర్త్ కూడా అక్కడికే. బోర్డు ఇచ్చే 5 వోల్టులు పిన్ 3కు. బోర్డు టీఎక్స్ చిప్ పిన్ 4కు, ఆర్‌ఎక్స్ పిన్ 1కి. ఇక్కడ చాలామంది అలవాటు కొద్దీ టీఎక్స్, ఆర్‌ఎక్స్ అడ్డంగా మారుస్తారు. ఈ చిప్‌లో అలా కాదు, పేరుకు పేరే. పిన్ 6 కారు 7వ పిన్‌కు పోతుంది. ఆ తీగకూ డయోడ్ దాటిన 12 వోల్టులకూ మధ్య 510 ఓమ్ రెసిస్టర్. అది అర వాట్‌ది ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు ఉంటాయి, 510తో భాగిస్తే 27 మిల్లీ ఆంపియర్లు, అంటే దాదాపు 0.38 వాట్. పావు వాట్‌ది వేస్తే వేడెక్కి మాడుతుంది. మిగతా చిన్న భాగాలకు చిప్ తయారీదారు డేటా షీట్‌లో ఉన్న బొమ్మనే అనుసరించండి.

టంకం పెట్టడం అవ్వగానే కారుకు గుచ్చకండి. పిల్లలు చేసే మొదటి తప్పు ఇదే. ముందు బైకు బ్యాటరీ తెచ్చి కారు స్థానంలో దాన్ని కలపండి. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి, వేగం 10400 పెట్టి, ఒక అక్షరం కొట్టండి. ఒకే తీగ కదా, మనం పంపింది మనకే తిరిగి వినబడాలి. కొట్టిన అక్షరం తెర మీద వస్తే కేబుల్ బాగుంది. ఏమీ రాకపోతే కనెక్షన్ ఎక్కడో తప్పింది. రెండేసి వస్తే ప్రోగ్రామ్‌లో లోకల్ ఎకో ఆపండి.

తర్వాత కారు. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపండి. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. ఫ్రీడయాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి సాదా కేబుళ్లతో పనిచేస్తుంది. పలకరింపు చాలా నెమ్మది. 33 అనే చిరునామాను సెకనుకు 5 బిట్ల చొప్పున పంపుతుంది, దానికే రెండు సెకన్లు పడుతుంది. ఇంజిన్ కంప్యూటర్ మేలుకుని జవాబిస్తే ఆ తర్వాత మాటలు 10400 వేగంతో సాగుతాయి. మొదటిసారి జవాబు రాకపోతే కంగారు పడకుండా తాళం తిప్పి మళ్లీ చూడండి.

కోడ్ రాగానే కాగితం మీద రాసుకోండి. కోడ్ పడిన క్షణంలో వేగం, వేడి ఎంతున్నాయో కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది, అవీ రాసుకోండి. చెరిపితే ఇవన్నీ పోతాయి, ఉస్తాద్ చేతికి ఆధారం ఉండదు. పీ0300 వస్తే మంట సరిగా అంటుకోవడం లేదని, పీ0335 అయితే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపమని. సర్క్యూట్ అన్న మాట గమనించండి. సెన్సర్, తీగ, కనెక్టర్ అన్నీ అందులోకే వస్తాయి. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ మూతపడినా బోధన్ చుట్టూ చెరుకు పొలాలున్నాయి, పొలాలున్నచోట ఎలుకలుంటాయి. పొలం పక్కన ఆపిన బండిలో సెన్సర్ మార్చే ముందు తీగలు కొరికాయేమో బానెట్ ఎత్తి చూడటానికి పైసా ఖర్చు లేదు. ఎయిర్‌బ్యాగ్ పసుపు తీగల జోలికి మాత్రం పోకండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇది ఇంకా పనికొస్తుంది. అమ్మేవాళ్లలో కొందరు పొద్దున కోడ్‌లు చెరిపి, మధ్యాహ్నం బండి చూపిస్తారు. లైటు ఉండదు. కానీ చెరిపాక బండి తనను తాను పరీక్షించుకోవడానికి కొంత దూరం నడవాలి. అప్పటిదాకా ఆ పరీక్షలు పూర్తి కాలేదనే చూపిస్తుంది. చాలా బండ్లు కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా చెబుతాయి. అక్కడ 6 కిలోమీటర్లు అని కనిపిస్తే బేరం ఆపి, ఎందుకు చెరిపారో అడగండి.

6, 14 పిన్‌లు మాత్రమే ఉన్న కొత్త బండ్లకు ఈ కేబుల్ పనిచేయదు. వాటికి ఎంసీపీ2515 లాంటి క్యాన్ చిప్ ఉన్న బోర్డు కావాలి. ఆ బోర్డు మీద 120 ఓమ్ రెసిస్టర్ ఉంటే తీసేయాలి, కారులో ఉండాల్సిన రెండూ ముందే ఉన్నాయి కనుక.