చూపు పెనం మీద... ఆశ మార్కెట్ మీద!

మొన్న సంక్రాంతికి మా ఊరు రావికమతం వెళ్లా. మధ్యాహ్నం భోంచేసి చేయి కడుక్కుని వస్తుంటే మామ్మ అడిగింది: "ఒరే, ఇప్పుడు ఏటి తిన్నావో సెప్పు సూద్దాం?"

నోరు పెగల్లేదు. తింటున్నంతసేపూ ఎడమ చేతిలో ఫోను, అందులో ఓ విదేశీ ఉద్యోగ ప్రకటన. కుడి చేయి దాని పని అది చేసుకుపోయింది. మామ్మకి ఎనభై దాటాయి. నా కోసం పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. "పోన్లే, పనుంటాది కదా" అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫారిన్ వెళ్లాలి, అప్పు తీర్చాలి, ఇల్లు కట్టాలి... ఈ కోరికలన్నీ తప్పా? 'ఈ క్షణంలో బతుకు' అని రీల్స్‌లో చెప్పేవాళ్లే కరెక్టా? రెండూ కలిసి కుదరవా?

మనసు ఎక్కడ తిరుగుతోంది?

హార్వర్డ్ సైకాలజిస్టులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ ఇలాంటిదే ఫోన్ యాప్‌తో పరీక్షించారు. రోజులో ఎప్పుడు పడితే అప్పుడు 2,250 మందిని 'ఏం చేస్తున్నారు? మనసు ఎక్కడుంది? ఎలా ఉన్నారు?' అని అడిగారు. 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు! 2010లో వచ్చిన ఈ అధ్యయనంలో ఇంకో విషయం కూడా తేలింది. మనసు తియ్యటి ఊహల్లో తిరిగినా సరే, చేస్తున్న పనిలో ఉన్నప్పటికంటే ఎక్కువ ఆనందమేమీ దక్కలేదు.

అలాగని కోరికే వదిలేయాలా? అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది కదా, రాతిని తొలిచిన బౌద్ధ గుహలు, స్తూపాలతో. కోరికే దుఃఖానికి మూలమని బుద్ధుడు చెప్పాడని అందరం అంటాం. కానీ పాళీ గ్రంథాల్లో రెండు వేర్వేరు మాటలున్నాయి. 'తణ్హా' అంటే దాహం, ఎంత తాగినా తీరనిది. 'ఛంద' అంటే చేయాలన్న ఇష్టం. దుఃఖానికి కారణమని చెప్పింది తణ్హాని. ఛందని మాత్రం సాధనకు కావాల్సిన నాలుగు పునాదుల్లో ఒకటిగా లెక్కేశారు.

ఈ తేడా మా వైపు బెల్లం వండేవాళ్లకి బాగా తెలుసు. అనకాపల్లి మార్కెట్లో మంచి రేటు రావాలని వాళ్లకీ ఉంటుంది. కానీ చెరకు రసం మరుగుతున్నప్పుడు చూపు పెనం మీదే. మడ్డి తీయాలి, మంట చూసుకోవాలి, చుక్క పాకం నీళ్లలో వేసి ఉండ కడుతోందో లేదో చూడాలి. ఆ టైంలో రేటు గురించి కలలు కంటే పాకం ముదిరిపోతుంది, ఆ రేటూ రాదు.

కోరికకీ ఓ టైం

నేనిప్పుడు ఒకటి పాటిస్తున్నా. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో రాసిన పద్ధతి. 'సాధిస్తా' అనుకోవడం కాకుండా, 'ఫలానాది జరగ్గానే ఫలానా పని చేస్తా' అని ముందే నిర్ణయించుకోవడం. రాత్రి తొమ్మిది కొట్టగానే ల్యాప్‌టాప్ తెరిచి గంట ఇంటర్వ్యూ ప్రిపరేషన్. కంచం ముందు కూర్చోగానే ఫోను పక్క గదిలోకి. మధ్యలో ఉద్యోగం గుర్తొస్తే మనసుని తిట్టను, 'తొమ్మిదికి చూద్దాం' అనుకుని మళ్లీ ముద్ద మీదికి వస్తా. రోజూ కుదురుతోందని చెప్పను. కానీ ఆ గంటలో చదివింది మాత్రం బుర్రకెక్కుతోంది.

ఊరు నుంచి బయల్దేరే రోజు మామ్మ మళ్లీ వడ్డించింది. ఈసారి తనడక్కుండానే చెప్పా: "ఆనపకాయ పులుసులో బెల్లం కాస్త ఎక్కువైంది మామ్మా."

"అయితే తిన్నావన్నమాట" అని నవ్వి, ఇంకో గరిటె వేసింది.

ఆ రాత్రి బస్సులో, తొమ్మిదింటికి, ఆ విదేశీ ఉద్యోగానికి అప్లై చేశా.