ఆకులు మింగే సీసా

పిల్లలూ! శివరాత్రి వెళ్ళిందంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఏ కాలనీ సందులో చూసినా కానుగాకు, వేపాకు రాలి పడి ఉంటాయి. పొద్దున్నే ఊడ్చి కుప్ప చేస్తారు. ఆ తరువాత? చాలాచోట్ల అగ్గిపుల్ల గీస్తారు! ఆ పొగలోని సన్నని నుసి కంటికి కనిపించదు గాని, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతుంది. ఉబ్బసం ఉన్న తాతగారినడగండి, ఆ బాధేమిటో చెబుతారు. అదే ఆకు గుంటలో వేసి, కాస్త పేడనీళ్ళు చల్లితే కొన్ని నెలల్లో ఎరువు.

"సార్, దుమ్ము లాగే యంత్రం ఉంది కదా, ఆకులు లాగేది మనం చేయలేమా?" అని మా పిల్లలు అడిగారు. చేద్దాం. కాని ముందొక ప్రశ్న. ఆ యంత్రం నిజంగా దుమ్మును లాగుతుందా?

లాగదు! గాలి మన చుట్టూ ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 1 కిలోగ్రాము బరువుతో నొక్కుతోంది. యంత్రంలోని పంకా లోపలి గాలిని బయటికి తోసేస్తే అక్కడ పీడనం కొద్దిగా తగ్గుతుంది. అప్పుడు బయటిగాలి లోపలికి దూసుకొస్తూ దుమ్మును తోసుకొస్తుంది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీ మీది దుమ్మును పీల్చి చూశాడు. రుమాలుకు మురికి అంటింది. వాక్యూమ్ క్లీనరు అలా పుట్టింది. (మీరు మాత్రం పీల్చకండి!)

రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా తీసుకుని అడుగుభాగాన్ని గిన్నెలా కోయండి. గిన్నె అడుగున చిల్లులు పెట్టి, పాత బొమ్మకారు మోటారు బిగించండి. దాని ఇరుసుకు పలచని ప్లాస్టిక్ రెక్కల పంకా, నాలుగు టార్చిలైటు బ్యాటరీలు. సీసా కోసిన అంచుకు దోమతెర గుడ్డ కట్టి, గిన్నెను దానికి తొడగండి. మూతి దగ్గర దారప్పోగు పెట్టి చూడండి. అది లోపలికి పోకుండా బయటికి ఎగిరితే బ్యాటరీ తీగలు తారుమారు చేయండి, పంకా ఎదురు తిరుగుతుంది.

మొదటిసారి మేము దోమతెర కట్టలేదు. ఆకుముక్కలు రెక్కల్లో ఇరుక్కుని మోటారు కాలినంత పనయింది. ఆకు పంకా దాకా పోకూడదు, దారిలోనే ఆగాలి. ఇందులో సీసా ఆకారమే మనకు సాయం చేస్తుంది. మూతి వ్యాసం సుమారు 2.2 సెంటీమీటర్లు, పొట్ట వ్యాసం 11. అంటే వ్యాసం 5 రెట్లు, వైశాల్యం 25 రెట్లు. కాబట్టి మూతిలో సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే గాలి, పొట్టలో పరుచుకున్నాక 8 సెంటీమీటర్లకు నెమ్మదిస్తుంది. అంత మెల్లని గాలి ఆకును మోయలేదు, చాలావరకు అక్కడే రాలిపోతుంది. పెద్ద యంత్రం చేసేవారు గొట్టానికీ పంకాకూ మధ్య డ్రమ్ము పెట్టేది ఇందుకే.

ఇంట్లో గోడ ప్లగ్గు కరెంటుతో మాత్రం ఈ పని చేయవద్దు. పంకా తిరుగుతుండగా గిన్నె విప్పవద్దు. సీసా కోసేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.

ముందు ఎండిన చింతాకుతో చూడండి, మూతిని దగ్గరగా పెడితే గబగబా మింగుతుంది. తరువాత ఒక కానుగాకు పెట్టండి. లోపలికి పోలేక మూతికి అతుక్కుంటుంది. మోటారు ఆపండి, రాలిపోతుంది. అంతసేపూ దాన్ని పట్టుకున్నదెవరో మీ తమ్ముణ్ణి అడగండి. "సీసా" అంటాడు!