యుద్ధక్రీడ: సొరుగుల బల్లనుండి గణకయంత్రము వఱకు

బెర్లిన్ నగరమందలి షార్లొటెన్‌బుర్గ్ రాజప్రాసాదమునకు చెందిన వస్తుజాలమున సొరుగులుగల బల్ల యొకటి కలదు. పైకి చూచిన ధనికుల యింటి సామానువలె నుండునే కాని, సొరుగులు తెఱచినచో కొండలును, నదులును, గ్రామములును, బాటలును చిన్నచిన్న పలకలుగా బయల్పడును; వానిని బల్లపై ఇచ్చవచ్చినట్లు కూర్చి, యుద్ధభూమి నొకదానిని సృజించి, దానిపై సేనలను నడుపవచ్చును. బ్రెస్లౌ నగరమున రాజోద్యోగిగా నుండిన గియోర్గ్ లియోపోల్డ్ ఫాన్ రైస్విట్జ్ అను నాతడు దీనిని నిర్మించి, 1812లో ప్రష్యారాజగు మూడవ ఫ్రెడెరిక్ విల్‌హెల్మునకు సమర్పించెను. నెపోలియనుచేత నోడి, 1807 నాటి సంధివలన రాజ్యమున ఇంచుమించు సగము కోల్పోయి యున్న ఆ దేశమున, రక్తము చిందకయే యుద్ధము నేర్చుకొను నుపాయమునకు ఆదరము కలుగుట సహజమే. నేడు కంప్యూటరు తెరపై ఆడుకొను యుద్ధవ్యూహక్రీడల కన్నిటికిని ఈ బల్ల పూర్వజ యనవచ్చును. ఆ క్రీడలను వేధించు చిక్కుకూడ దీనితోడనే పుట్టినది. యథార్థత హెచ్చినకొలది ఆట బరువెక్కును. ఆట తేలికపడినకొలది యుద్ధము బొమ్మలపెండ్లి యగును.

రైస్విట్జునకు పూర్వము యూరపునందు యుద్ధమును క్రీడగా మలచినవారు లేకపోలేదు. బ్రున్‌స్విక్ నగరమున గణితము బోధించిన హెల్‌విగ్ 1780లో ఒక క్రీడను ప్రకటించెను. మన దేశమున జనించి పారశీకముమీదుగా ప్రతీచికి చేరిన చతురంగమే దానికి ఆధారము. గడులకు రంగులు వేసి ఇది కొండ, ఇది నీరు, ఇది అడవి యని ఆతడు నిర్ణయించెను. కాని చదరంగపు స్వభావము దానిని వీడలేదు. చదరంగమున ఒక పావు వేఱొకదాని గడిలో ప్రవేశించెనా, రెండవది చచ్చినట్లే. అందు సందేహమునకు తావు లేదు. రణరంగమున నట్టి నిశ్చయ మెక్కడిది?

ఈ నిశ్చయమును పడగొట్టినవాడు బల్ల చేసిన రైస్విట్జుని కుమారుడు. ఫిరంగిదళమున లెఫ్టినెంటుగా నుండిన ఈతడు తండ్రి బల్లను ప్రక్కకు నెట్టి, ఎనిమిదివేలవ వంతు ప్రమాణముతో గీచిన భూపటములపై, ఎఱ్ఱవియు నీలివియునగు దిమ్మెలతో ఆడవలసిన క్రీడను 1824లో నియమగ్రంథముగ వెలువరించెను. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల కాలమునకు సమానము. గడులు లేవు, అంత కాలమున పదాతి యెంత నడుచునో, అశ్వమెంత పరుగిడునో కొలిచి జరుపవలయును. షార్న్‌హోర్స్ట్ సేనాని తుపాకులపై జరిపించిన ప్రయోగముల ఫలితములు పట్టికలకు ఆధారములు. ఏ కాల్పునకు ఎందఱు కూలుదురో పాచిక తేల్చును. ఇరుపక్షముల నాయకులు తమ యాజ్ఞలను మధ్యవర్తి, అనగా అంపైరు, చేతి కందింతురు. ఎదుటి సేన నిజముగా కంటబడదగిన చోటికి వచ్చినప్పుడే ఆతడు దాని దిమ్మెలను పటముమీద నుంచును. గుట్టకు అవతల శత్రువు ఉన్నాడో లేడో తెలియక, తెలియకుండగనే ఆజ్ఞ నీయవలసివచ్చు నా యవస్థయే ఈ క్రీడకు ప్రాణము. నా యభిప్రాయమున యథార్థత యనునది పట్టికలకంటె ఈ తెలియమిలోనే యెక్కువగ నున్నది.

ప్రధానసేనాకార్యాలయాధిపతి మ్యుఫ్లింగ్ మొదట నిరాసక్తుడై వచ్చి కూర్చుండి, ఆట సాగినకొలది ఉత్సాహభరితుడై, ఇది క్రీడ కాదు, యుద్ధశిక్షయే యని మెచ్చుకొని, సైన్యమున ప్రచారము చేయించెను. అయినను ఆ క్రీడను కూర్చిన చిన్న రైస్విట్జ్ 1827లో ఆత్మహత్య చేసికొనెను.

క్రీడమాత్రము బ్రతికినది, కాని రెండు నిమిషముల ఎత్తును లెక్కించుటకు రెండు నిమిషములు చాలవుగదా! పట్టికలు తిరుగవేయుటలోను, నష్టములు కూడుటలోను పూటలు గడచిపోయెడివి. ఈ విసుగుదలనుండియే 1876లో వెర్డి దు వెర్న్వా యను ప్రష్యా సేనాధికారి పట్టికలను, పాచికలను తోసివేసి, యుద్ధానుభవముగల అంపైరు తన బుద్ధిబలముచే తీర్పు చెప్పిన చాలునని స్వేచ్ఛాక్రీడను ప్రవర్తింపజేసెను. ఆట వేగిరపడినది. కాని అంపైరు బుద్ధి పక్షపాతమున పడినచో గతి యేమి?

దీనికి నిదర్శనముగ జపాను నౌకాదళమున జరిగినదిగా చెప్పబడు కథ ప్రసిద్ధము. మిడ్వే ద్వీపముపై దండయాత్రకు ముందు, 1942 మే మాసమున, యమతో యుద్ధనౌకపై పటముల మీద దాడిని నడిపి చూచుచుండగా, పాచికల ననుసరించి అమెరికను విమానముల బాంబులు తొమ్మిది తగిలి, అకగి, కగ అను విమానవాహకనౌకలు మునిగెనట. అధ్యక్షత వహించిన ఉగకి తొమ్మిదిని మూడుగ తగ్గించి, అకగిని స్వల్పముగ దెబ్బతినిన దానినిగ మార్చెను. మునిగిన కగ సయితము తరువాతి ఘట్టమున మరల తేలి యుద్ధము చేసెను. ఆ నౌకాదళపు వైమానికుడగు ఫుచిద మిత్సువో తన గ్రంథమున ఈ వృత్తాంతమును చెప్పినాడు. ఆతని వ్రాతలను నేటి చరిత్రకారులు కొన్నిచోట్ల శంకింతురు. జూన్ 4న అమెరికను విమానముల దెబ్బకు ఆ రెండు నౌకలును నిజముగనే మంటలపాలయ్యెను. ఇంతమాత్రమున పాచికలు జోస్యము చెప్పినవని మురియుట పొరపాటు; ఆ పాచికలే వేఱొకవిధముగ పడియుండవచ్చును. అప్రియమును పలుకు శక్తిని క్రీడనుండి ఊడబెఱికినారే, అది దోషము.

రెండవ ప్రపంచయుద్ధానంతరమున ఈ విద్య సైనికుల చేతినుండి సామాన్యుల యిండ్లకు దిగినది. అమెరికాలోని చార్లెస్ రాబర్ట్స్ 1954లో ‘టాక్టిక్స్’ అను ఆటను విక్రయించి, 1958లో అవలన్ హిల్ సంస్థను స్థాపించెను. చతురస్రపు గడులలో మూలకు జరిగినవాడు ప్రక్కకు జరిగినవానికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దూరము పోవును. ఆ యన్యాయమును పోగొట్టుటకు 1961 నాటికి షట్కోణపు గడులు అందు చోటుచేసికొనెను. అచటినుండి వివరముల వ్యామోహము బయలుదేఱినది. దాని పరాకాష్ఠ 1979లో రిచర్డ్ బెర్గ్ కూర్చిన ‘ఉత్తరాఫ్రికా దండయాత్ర’ యను ఆట. పది యడుగుల పటము. పూర్తి చేయుటకు దాదాపు 1,500 గంటలు పట్టునని ప్రతీతి. పెట్రోలు ఆవిరియై పోవుటకు లెక్క, నీటికి లెక్క, ఇటలీ భటులు పాస్తా నుడికించుకొందురు గనుక వారికి అదనపు నీటి కేటాయింపు! ఈ పాస్తా నియమమును ఆటగాండ్రు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. నవ్వు మాట యటుండనిండు. ఎడారిలో జర్మను సేనాని రొమ్మెల్ తానే కూర్చుండి నీటిడబ్బాలు లెక్కపెట్టెనా? అది సరఫరా యధికారుల పని. సేనానికి కావలసినది, ఇంకను ఎన్ని దినములు ముందుకు సాగవచ్చునను సమాధాన మొక్కటే. పదిమంది గుమాస్తాల పనిని ఆటగాని నెత్తిన రుద్దినచో, వివర మెంత నిజమైనను, ఆతడు కూర్చున్న యాసనము రొమ్మెల్‌ది కాదు.

ఈ గుమాస్తాగిరీ నంతయు మోయగల భృత్యుడు గణకయంత్రమై వచ్చెను. 1981లో క్రిస్ క్రాఫర్డ్ అటారి యంత్రముపై, పదునాఱు కిలోబైట్ల స్మృతిలో, ‘ఈస్టరన్ ఫ్రంట్ (1941)’ అను ఆటను రచించెను. రష్యాపై జర్మనుల దండయాత్ర దాని వస్తువు. ఒక్కొక్క ఎత్తు ఒక వారము. శరదృతువున బురద సేనల కాళ్లు పట్టుకొనును. శీతకాలమున నదులు గడ్డకట్టును. చుట్టుముట్టబడిన దళము సరఫరా లేక కృశించును. ఈ లెక్కలలో నొకటియు ఆటగాడు చేయనక్కరలేదు. తెరపై బొమ్మను గీయు కిరణము అడుగునుండి పైకి మరలు క్షణకాలపు వ్యవధిలో యంత్రము ఆటగాని యాజ్ఞలను గైకొని, మిగిలిన కాలమంతయు తన యెత్తుగడలనే ఆలోచించుచుండును. కావున ఎదుటివాడు ఎంతసేపు తటపటాయించిన యంత్రమున కంత లాభము. చరిత్రలో ఓడినపక్షమును ఆడువానికి ఆశ యేమి యను ప్రశ్నకును క్రాఫర్డ్ చక్కని దారి చూపెను: సేనలు తూర్పునకు ఎంతదూరము చొచ్చెనో, ఏ నగరములు చిక్కెనో చూచి స్కోరు కట్టుటచే, యుద్ధమును గెలువకయే ఆటలో రాణించుట సాధ్యమైనది.

భృత్యుడు వచ్చినాడు గాని, లెక్కలు కంటికి మఱుగైనవి. 1991లో వెలువడిన సిడ్ మయర్ ‘సివిలిజేషన్’ అను ఆటయందు ప్రాచీనకాలపు ఈటెల దళము యుద్ధనౌకను ఓడించుట యొక సామెతయై పోయినది. సంభావ్యతాగణితము ప్రకారము అది అప్పుడప్పుడు జరుగవలసినదే. మయరే 2010లో ఆటల రూపకర్తల సభలో ఒక విశేషము చెప్పెను: తనకు ఒకటికి మూడింతల యనుకూలత యున్నప్పుడు ఓడుటను ఆటగాడు సహింపడు, ఎదుటివానికి అంతే యనుకూలత యున్నప్పుడు తాను గెలుచుటను మాత్రము న్యాయమనియే తలచును. కావున లెక్కలను ఆటగాని మనస్సున కనుగుణముగ వంచవలసివచ్చెను. చరిత్రకు సంబంధింపకున్నను, జపానువారి ‘ఫైర్ ఎంబ్లెమ్’ వ్యూహక్రీడలలో పెక్కింటియందు 2002 నుండి నూటికి 90 వంతులు తగులునని తెరపై చూపిన దెబ్బ, రెండు యాదృచ్ఛికసంఖ్యల సగటుతో తేల్చబడుటచే, నిజముగ 98 మారులు తగులుచుండెను; నూటికి 10 అని చూపినది ఇంచుమించు రెండుసార్లు మాత్రమే తగులుచుండెను. నాడు ఉగకి పదిమంది యధికారుల యెదుట నోరు తెఱచి తొమ్మిదిని మూడు చేయవలసివచ్చినది. నేడు ఆ పనిని చిప్పు సడిచప్పుడు లేక నెఱవేర్చుచుండగా, ఆటగాడు తన యదృష్టమునకు తానే మురిసికొనుచున్నాడు.