మెరిసే మోచేతులన్నీ ఒకటి కావు

పోయిన సెమిస్టర్‌లో మా మెకానికల్ రూమ్మేట్ మినీ ప్రాజెక్ట్ కోసం నేనొక చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఫ్యాక్టరీ పైపులైన్‌లో ఏ స్టెయిన్‌లెస్ స్టీల్ ఎల్బో వాడాలో అది చెప్పాలి. పైపు సైజు ఎంత, ఎన్ని డిగ్రీలు తిరగాలి అని అడిగి జవాబు ఇచ్చేస్తుంది. గర్వంగా చూపించాను. వాడు స్క్రీన్ వైపు చూసి, "ఒరేయ్, లోపల ఏం పారుతుందో అడగలేదేంట్రా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో కోడ్ మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఎల్బో అంటే మోచేయే. నేరుగా వచ్చే పైపును 45 లేదా 90 డిగ్రీలు మళ్లించే ముక్క. చూడ్డానికి చిన్నదే, కానీ తేడా వస్తే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక నిజ సంఘటన ఉంది. 2005 జులై 28న అమెరికాలోని టెక్సస్ సిటీలో, బీపీ రిఫైనరీలో పెద్ద మంట లేచింది. అక్కడ ఒక హీట్ ఎక్స్ఛేంజర్ పైపులకు మూడు ఎల్బోలు ఉండేవి. ఒకటి మామూలు కార్బన్ స్టీల్, మిగతా రెండూ క్రోమియం కలిసిన అల్లాయ్ స్టీల్. సైజు ఒకటే, ఆకారం ఒకటే. అదే ఏడాది మొదట్లో మెయింటెనెన్స్ కోసం విప్పి మళ్లీ బిగించినప్పుడు కార్బన్ స్టీల్‌ది, అల్లాయ్‌ది స్థానాలు మారిపోయాయి. బాగా వేడిగా, ఎక్కువ ప్రెషర్‌లో ఉండే హైడ్రోజన్‌ను కార్బన్ స్టీల్ తట్టుకోలేదు. కొన్ని నెలలకే అది బద్దలైంది. అదృష్టం కొద్దీ ఒకరికి చిన్న గాయంతో సరిపోయింది. ఆస్తి నష్టం మాత్రం 3 కోట్ల డాలర్లు.

మన భాషలో చెప్పాలంటే రెండింటికీ ఇంటర్‌ఫేస్ ఒకటే, లోపలి టైప్ వేరు. కంపైలర్ ఎర్రర్ ఇవ్వలేదు, రన్‌టైమ్‌లో క్రాష్ అయింది. అవి స్టెయిన్‌లెస్ ఎల్బోలు కావు గానీ, పాఠం అన్నింటికీ వర్తిస్తుంది.

అందుకే మొదటి ప్రశ్న: లోపల ఏం పారుతుంది, ఎంత వేడిలో? స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే పైన కొన్ని నానోమీటర్ల మందంలో క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా గాలిలోని ఆక్సిజన్‌తో తనే మళ్లీ కట్టుకుంటుంది. తుప్పును ఆపేది ఆ పొరే. దాని శత్రువు క్లోరైడ్, అంటే మన ఉప్పులో ఉండేదే. పొరను అక్కడక్కడా తొలిచి సూది గుచ్చినట్టు గుంటలు పెడుతుంది.

304 గ్రేడ్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. మామూలు నీళ్లకి, పాలకి, చాలా ఆహార పదార్థాలకి ఇది చాలు. 316లో వీటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అది క్లోరైడ్‌ను మరింత బాగా ఎదుర్కొంటుంది. అందుకే విశాఖ లాంటి చోట సముద్రపు గాలి తగిలే లైన్లకైనా, హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ప్లాంట్లలోనైనా 316 కుటుంబం ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని 316 సర్వరోగ నివారిణి కాదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కి అదీ లొంగిపోతుంది. క్లోరైడ్ ఉన్న నీళ్లు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే, లాగుడు ఒత్తిడిలో ఉన్న చోట పగుళ్లు రావచ్చు. అలాంటి చోట డూప్లెక్స్ స్టీల్ లాంటివి ఆలోచించాలి.

రెండో ప్రశ్న: వెల్డింగ్ చేస్తారా? చేస్తే గ్రేడ్ పక్కన 'ఎల్' చూడండి. 304లో కార్బన్ 0.08 శాతం దాకా ఉండొచ్చు, 304ఎల్‌లో 0.03 దాటకూడదు. వెల్డింగ్ వేడికి కార్బన్ వెళ్లి క్రోమియంతో జట్టు కడుతుంది. అప్పుడు వెల్డ్ పక్కన, లోహపు రేణువుల అంచుల్లో క్రోమియం కరువై తుప్పు అక్కడే మొదలవుతుంది. కార్బన్ తక్కువైతే ఆ గొడవ ఉండదు.

మూడోది: ఎలా కలుపుతారు? అంచుకు అంచు ఆనించి వెల్డ్ చేసే బట్ వెల్డ్ ఎల్బోలకి ఏఎస్‌ఎంఈ బి16.9 ప్రమాణం. చిన్న సైజుల్లో పైపును లోపలికి దూర్చి వెల్డ్ చేసే సాకెట్ రకం, మరలు ఉండే థ్రెడెడ్ రకం కూడా ఉన్నాయి, వాటికి బి16.11. ఈ రెండింట్లోనూ సన్నని సందు మిగులుతుంది. ఉప్పునీరు అక్కడ నిలబడితే తుప్పు, మందు తయారీలో అయితే కడిగినా పోని మురికి.

నాలుగోది: గోడ మందం. 2 అంగుళాల పైపు బయటి వ్యాసం ఎప్పుడూ 60.3 మిల్లీమీటర్లే. కానీ షెడ్యూల్ 10ఎస్ అయితే గోడ మందం 2.77, 40ఎస్ అయితే 3.91 మిల్లీమీటర్లు. పైపు ఒకటి, ఎల్బో ఇంకొకటి తెస్తే బయట సరిగ్గా కలుస్తాయి, లోపల మాత్రం మిల్లీమీటర్ పైన మెట్టు పడుతుంది.

ఐదోది: వంపు. లాంగ్ రేడియస్‌లో వంపు వ్యాసార్థం పైపు సైజుకి ఒకటిన్నర రెట్లు, షార్ట్ రేడియస్‌లో ఒక రెట్టు. 2 అంగుళాలకి 76, 51 మిల్లీమీటర్లు అన్నమాట. మలుపులో ప్రవాహం బయటి గోడకి కొడుతుంది. షార్ట్‌లో మలుపు మరీ గట్టిగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ నష్టం ఎక్కువ. స్థలం లేకపోతే తప్ప లాంగ్ రేడియసే మేలు.

ఇన్ని చూసి ఆర్డర్ పెట్టినా, వచ్చింది అదేనా? చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. 304, 316 రెండూ సాధారణంగా అయస్కాంతానికి అంటుకోవు, కాబట్టి తేడా తెలియదు. పైగా చల్లగా వంచిన 304 కాస్త అంటుకుని, మంచి సరుకునే అనుమానించేలా చేస్తుంది. ఎక్స్‌రే గన్‌తో చూస్తే క్షణాల్లో మాలిబ్డినం ఉందో లేదో తెలుస్తుంది. కానీ ఆ గన్ కార్బన్‌ను కొలవలేదు. అంటే 316 ఏదో, 316ఎల్ ఏదో చెప్పలేదు. దానికి ఎల్బో మీద ముద్రించిన హీట్ నంబర్, మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబర్ కలుస్తున్నాయా చూసి, అందులో కార్బన్ శాతం చదవాలి.

తెల్లనివన్నీ పాలు కావని మన పెద్దలు ఊరికే అనలేదు. అన్నట్టు, నా ప్రోగ్రామ్ ఇప్పుడు ముందుగా ద్రవం, వేడి, క్లోరైడ్ అడుగుతుంది. సైజు నాలుగో ప్రశ్నకి వెళ్లిపోయింది. క్లోరైడ్ దగ్గర 'తెలియదు' అని కొడితే ఏ గ్రేడూ చూపించదు, 'కనుక్కుని రండి' అంటుంది. డెమో రోజు మా రూమ్మేట్‌కే ఆ మెసేజ్ వచ్చింది. వాడు నన్ను తిట్టుకుంటూనే ల్యాబ్ రిపోర్ట్ వెతకడానికి వెళ్లాడు.